సంతకానికి ముందు చదువుదాం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం పాలకవర్గం తరఫున చదివిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, వసూలు ఎంత అని లెక్క చెప్పుకుంటాం. ఆ లెక్కలన్నీ ఈ నివేదికలో అచ్చయ్యాయి, ఇంటికి పోయి చదువుకోవచ్చు. మమ్మల్ని మాత్రం పంచాయతీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "పంచాయతీ ముచ్చట మనకెందుకు, మనది పొదుపు సంఘం గదా" అని మా ఊళ్లో కూడా కొందరన్నారు. ఒకప్పుడు మేమూ అట్లనే అనుకున్నాం. అట్ల అనుకున్నందుకు మాకు ఏమైందో, ఆ తర్వాత ఏం మార్చుకున్నామో చెప్పడానికే వచ్చాం. అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి, మేం ముగ్గురం కూర్చొని ఈ మాటలు రాసుకున్నాం. చదివేది ఒకరే అయినా మాట ముగ్గురిదీ.

చట్టంలో ఏం మారింది

పంచాయతీరాజ్ మనకు కొత్తది కాదు. 1959లో అప్పటి ప్రధాని నెహ్రూ షాద్‌నగర్ వచ్చి మన దగ్గర దీన్ని ప్రారంభించారు. కానీ ఆ రోజుల్లో సర్పంచ్ అంటే ఊరి పెద్ద దొర, కాకుంటే దొర చెప్పిన మనిషి. ఆడవాళ్లు పంచాయతీ ఆఫీసు గడప తొక్కిందే తక్కువ. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దాంతో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు దక్కాయి. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో అవి సగానికి పెరిగాయి. ఇదంతా మనలో చాలామందికి తెలిసిందే.

2018లో వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో ఏం మారిందో మాత్రం చాలామందికి తెలియదు. అందులో మన సంఘాలకు సంబంధించినవి అయిదు చెప్తాం.

ఒకటి. 500 జనాభా దాటిన తండాలు, గూడేలు, శివారు పల్లెలు సొంత పంచాయతీలయ్యాయి. 8,000 పైచిలుకు ఉన్న పంచాయతీలు 12,000 దాటాయి. మా ఊరి శివారు తండా కూడా అట్లనే వేరుపడింది. అంతకుముందు ఒక నల్లా పైపు పగిలిందని చెప్పాలన్నా ఆ తండా అక్కలు మూడు కిలోమీటర్లు నడిచి మా ఊరి పంచాయతీకి రావాల్సి వచ్చేది. ఇప్పుడు వాళ్ల సర్పంచ్ వాళ్ల మనిషే.

రెండు. రెండు నెలలకోసారి, అంటే ఏడాదికి ఆరుసార్లు గ్రామసభ పెట్టాలి. అందులో రెండు సభల్లో ఆడవాళ్ల, ముసలివాళ్ల, వికలాంగుల సమస్యలే మాట్లాడాలి. గ్రామసభలు పెట్టకపోయినా, లెక్కల ఆడిట్ చేయించకపోయినా సర్పంచ్ పదవికే ముప్పు వచ్చేలా చట్టంలో రాశారు.

మూడు. చెక్కు మీద సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇది మంచిదే. కానీ ఆ ఇద్దరికీ పొసగని ఊళ్లలో ఊరి పనులు నెలల తరబడి ఆగడం కూడా మనం చూశాం.

నాలుగు. ప్రతి పంచాయతీకి ఒక కార్యదర్శి వచ్చారు. పారిశుధ్యం, వీధి దీపాలు, మొక్కలు, పనుల పర్యవేక్షణ అని నాలుగు స్థాయీ సంఘాలు వేయాలన్నారు. ఒక్కో సంఘంలో 15 మంది, అందులో సగం ఆడవాళ్లు. పంచాయతీ బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలన్నారు.

అయిదు. మన సంఘాలకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ప్రతి పంచాయతీలో ముగ్గురు కో-ఆప్షన్ సభ్యులు ఉండాలి. వాళ్లలో ఒకరు గ్రామ సంఘం అధ్యక్షురాలు. అంటే ఓట్లలో నిలబడకుండానే, మనం సంఘంలో ఎన్నుకున్న మనిషికి పంచాయతీలో కుర్చీ ఉంటుంది. సమావేశానికి పోవచ్చు, మాట్లాడవచ్చు, అడగవచ్చు. ఓటు మాత్రం లేదు.

ఈ చట్టం కలెక్టర్ల చేతికి, పై అధికారుల చేతికి ఎక్కువ పెత్తనం ఇచ్చిందని విమర్శించేవాళ్లు ఉన్నారు. ఆ మాటలోనూ నిజం ఉంది. ఇప్పుడు మాత్రం మన చేతికి వచ్చిన ఆ ఒక్క కుర్చీని మేం ఏం చేశామో చెప్తాం.

చదవని సంతకం

2019 జనవరిలో ఎన్నికలయ్యాయి. మా గ్రామ సంఘం అధ్యక్షురాలు కో-ఆప్షన్ సభ్యురాలు అయింది. ప్రమాణం రోజు శాలువా కప్పారు, ఫొటో తీశారు. మాకు సంబరమైంది. ఆ తర్వాత చాలా నెలలు సమావేశానికి పిలుపే లేదు. నెలకోసారి కారోబార్ రిజిస్టర్ చంకలో పెట్టుకొని ఇంటికి వచ్చేవాడు. "అక్కా, ఇక్కడ ఒక సంతకం" అనేవాడు. ఒకసారి నాట్ల కాలంలో పొలం గట్టు మీదికే వచ్చాడు. చేతులకు బురద ఉంటే కడుక్కొని, కొంగుతో తుడుచుకొని సంతకం పెట్టి పంపించింది. పైన ఏం రాసి ఉందో ఆమె చూడలేదు. కొన్నిసార్లు పైన ఏమీ రాసి లేదు కూడా.

మరుసటి ఏడు వానకాలంలో గ్రామసభ జరిగింది. ఎస్సీ వాడలో ఉండే మా సంఘం సభ్యురాలు ఒకామె లేచి, "మా వాడల మోరీ నిండి నీళ్లు ఇంట్లకొస్తున్నయి, పూడిక ఎప్పుడు తీస్తరు?" అని అడిగింది. కార్యదర్శి రిజిస్టర్ తెరిచి చదివాడు. ఊరంతా మురుగు కాలువల పూడిక తీసినట్టు, అందుకు ఖర్చు మంజూరు చేస్తున్నట్టు, సభ్యులంతా ఒప్పుకున్నట్టు అందులో రాసి ఉంది. నిజానికి రెండు వీధుల్లోనే తీశారు. మా అధ్యక్షురాలు లేచి "గిదెట్ల?" అంది. ఎదుట కూర్చున్న పెద్దమనిషి ఒకాయన రిజిస్టర్ ఆమె వైపు తిప్పి, "ఏందక్కా, నీ సంతకం ఉన్నది గదా. అప్పుడు ఒప్పుకొని ఇప్పుడు మమ్మల్ని అడుగుతవేంది?" అన్నాడు.

సభలో అందరూ ఆమె వైపే చూశారు. ఆమె దగ్గర జవాబు లేదు. మోరీ నీళ్లు ఇంట్లోకి వచ్చిన ఆమె కూడా అట్లనే చూసింది. ఆ చూపే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది.

ఆ రాత్రి మా అధ్యక్షురాలు రాజీనామా చేస్తానంది. మేం ఒప్పుకోలేదు. తప్పు ఆమె ఒక్కదానిది కాదు. మా ఊళ్లో 23 సంఘాలు ఉన్నాయి, దాదాపు 240 మందిమి. "పంచాయతీలో ఏం తీర్మానం చేసిన్రు?" అని ఒక్క నెలైనా మాలో ఎవరం ఆమెను అడగలేదు. కుర్చీ ఇప్పించుకొని ఆమెను ఒంటరిగా పంపించాం.

ఒకసారి ఆలోచించండి అక్కలారా. మన చిన్న సంఘంలో ఎంత జాగ్రత్తగా ఉంటాం! పొదుపు డబ్బు ఇద్దరం లెక్కపెడతాం. తీర్మానం రాసి, అందరికీ వినిపించి, ఆ తర్వాతే సంతకాలు, వేలిముద్రలు. చివరి వరుస కింద ఖాళీ మిగిలితే గీత కొడతాం, తర్వాత ఎవరూ ఏమీ చేర్చకుండా. నూరు రూపాయలు తేడా వస్తే రాత్రి తొమ్మిదైనా పుస్తకం మూయం. ఈ పద్ధతి మనకు ఇరవై ఏళ్లుగా అలవాటే. పంచాయతీ గడప దగ్గరికి రాగానే ఆ పద్ధతంతా చెప్పులతో పాటు బయట విడిచిపెట్టాం.

ఆ తర్వాత మా గ్రామ సంఘంలో మూడు మాటలు తీర్మానం చేసుకున్నాం. ఇంటికొచ్చిన రిజిస్టర్ మీద సంతకం పెట్టొద్దు. సమావేశంలో తీర్మానం రాసి వినిపించాక, కింద గీత కొట్టాకే సంతకం. సమావేశానికి అధ్యక్షురాలు ఒక్కతే పోవద్దు, మరో ఇద్దరు పంచాయతీ అరుగు మీదనైనా కూర్చోవాలి. మొదటి నెల కారోబార్ వచ్చి వట్టి చేతులతో తిరిగిపోయాడు. "అక్కలకు పొగరెక్కింది" అన్నారు. రెండో నెల సమావేశానికి పిలుపు వచ్చింది.

పూడిక డబ్బు తిరిగి రాలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ మిగతా వాడల్లో పూడిక ఆ మరుసటి వారమే తీశారు. ఎస్సీ వాడ ఆమె మాత్రం మాతో మామూలుగా మాట్లాడటానికి కొన్ని నెలలు పట్టింది.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. మధ్యలో మా గ్రామ సంఘంలో పదవులు మారాయి, కొత్త అధ్యక్షురాలు వచ్చింది. పంచాయతీ పుస్తకంలో మాత్రం పాత పేరే ఉంది. పిలుపు పాత ఆమెకే పోయేది. ఆమె "నాకేం సంబంధం" అని ఊరుకునేది, కొత్త ఆమెకు తెలిసేదే కాదు. అట్ల అయిదు నెలలు కుర్చీ ఖాళీగా ఉంది. పదవులు మారిన రోజే తీర్మానం నకలు కార్యదర్శికి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలని ఆ తర్వాత తెలుసుకున్నాం.

పంచాయతీ ఆగింది, కిస్తీ ఆగింది

2024 జనవరి చివరితో సర్పంచుల కాలం ముగిసింది. వెంటనే ఎన్నికలు జరగలేదు. దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారులే పంచాయతీలు నడిపారు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. మా ప్రత్యేక అధికారికి తన సొంత శాఖ పని ఉంది, పైన వేరే ఊళ్లు ఉన్నాయి. ఆయన్ని తిట్టి లాభం లేదు. వీధి దీపం మాడిపోతే మాడిపోయినట్టే ఉండేది. ట్రాక్టర్‌కు డీజిల్ లేక చెత్తబండి వారానికోసారి వచ్చేది.

"సర్పంచ్ లేకుంటే మనకేంది" అనుకున్న మాకు జవాబు మా సొంత పుస్తకంలోనే దొరికింది. మా సంఘాల్లో ఒకామె పంచాయతీలో మల్టీపర్పస్ వర్కర్. పొద్దున నాలుగింటికి లేచి మన మోరీలు ఎత్తేది ఆమే. ఆమె జీతం ఆగింది. ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు. ఆమె బ్యాంకు లింకేజీ అప్పులో తన వంతు తీసుకొని కూతురి చదువుకు పెట్టింది. కిస్తీ కట్టలేకపోయింది. మీకు తెలుసు, ఒక్కరు ఆగితే సంఘం మొత్తం బాకీ పడుతుంది. సమయానికి కట్టకపోతే వడ్డీ రాయితీ పోతుంది, మళ్లీ లింకేజీ దగ్గర పేచీ వస్తుంది.

ఆ సంఘం సమావేశం మేం మరిచిపోలేం. "ఆమెకు అప్పెందుకిచ్చినం?" అని ఒకరు. "మనం కట్టి మనమే మునుగుదామా?" అని ఇంకొకరు. ఆమె తల వంచుకొని కూర్చుంది. చివరికి ఒక ముసలమ్మ అంది: "ఆమె పని చేసింది. మన మోరీలే ఎత్తింది. పైసలు ఎగ్గొట్టింది ఆమె కాదు బిడ్డా." మూడు నెలల కిస్తీ సంఘం పొదుపు నుంచి సర్దింది. నాలుగో నెలది ఆమె పట్టీలు కుదువ పెట్టి కట్టింది.

అప్పుడు మాకు అర్థమైంది, పంచాయతీ లెక్క, సంఘం లెక్క రెండు వేరు పుస్తకాలు కావని. అక్కడ ఒక చెక్కు ఆగితే ఇక్కడ ఒక కిస్తీ ఆగుతుంది.

సర్పంచ్ లేకపోయినా గ్రామసభ ఉంటుంది. ఎందుకంటే గ్రామసభ అంటే ఊళ్లో ఓటు ఉన్న మనమందరం. పాలకవర్గం కాలం ముగుస్తుంది, మన ఓటు ముగియదు. 2025 జనవరిలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాల కోసం ఊరూరా గ్రామసభలు పెట్టారు. మా ఊళ్లో ఎప్పుడూ రానంత మంది వచ్చారు. అందరి చేతుల్లో దరఖాస్తులు. ఆ గలాటలో మేం లేచి పంచాయతీ కార్మికుల జీతాల సంగతి అడిగాం. "ఇయ్యాల జాబితాలు మాత్రమే అమ్మా, అవి తర్వాత" అన్నారు. "తర్వాత అన్నట్టే రాయండి సారూ, రాసింది చదివి వినిపించండి" అన్నాం. రాశారు, వినిపించారు. ఆ నకలు పట్టుకొని ఎంపీడీఓ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాం. కొన్ని నెలల జీతం వచ్చింది. రెండు నెలలది ఇంకా రావాలి. పట్టీలు మాత్రం విడిపించుకుంది.

కోరం మన చేతిలో ఉంది

ఆ తిరుగుడులోనే ఒక సంగతి బాగా పట్టుబడింది. గ్రామసభకు కోరం ఉంటుంది. 500 లోపు ఓటర్లున్న ఊళ్లో 50 మంది రావాలి. 501 నుంచి 1,000 వరకు ఉంటే 75 మంది, 1,001 నుంచి 3,000 వరకు ఉంటే 150 మంది. చాలా ఊళ్లలో పదిమంది చెట్టు కింద కూర్చొని లేస్తారు. మిగతా సంతకాలు తర్వాత ఇండ్ల పొంటి తిరిగి పెట్టించుకుంటారు.

ఇప్పుడు లెక్క వేయండి. మా ఊళ్లో 1,800 మంది ఓటర్లు ఉన్నారు. 150 మంది వస్తే కోరం. మా సంఘాల్లోనే 240 మందిమి ఉన్నాం. తండాలో ఓటర్లు 500 లోపే, ఆరు సంఘాల్లో 60 మంది. అంటే మనం పోతే సభ జరుగుతుంది, మనం పోకపోతే ఆ సభ చట్టం ప్రకారం సభే కాదు. ఓటు లేని కో-ఆప్షన్ కుర్చీ కన్నా ఇది వంద రెట్లు పెద్ద బలం. ఈ బలం మనకు ఎవరూ ఇవ్వలేదు. పది మంది చొప్పున కూర్చొని పొదుపు చేసుకున్నందుకు దానంతట అదే వచ్చింది.

మరి ఎందుకు పోలేకపోతున్నాం? పగటి పూట పెడతారు, కూలీ పోతుంది. పోతే వెనుక నిలబడాలి, మాట్లాడితే "నీకేం తెలుసు" అంటారు. ఈ కష్టాలు మాకూ ఉన్నాయి. అందుకే మా కార్యదర్శితో మాట్లాడి, కూలీల కాలంలో సభ సాయంత్రం అయిదింటికి పెట్టించుకున్నాం. సంఘాల వారీగా కూర్చుంటాం, ముందు వరుసలో. ప్రతి సభలో ఒక్కో సంఘం ఒక ప్రశ్న అడుగుతుంది. ఒకే మనిషి అన్నీ అడిగితే ఆ మనిషికి శత్రువులవుతారు. ఇరవై సంఘాలు ఒక్కోటి అడిగితే అది ఊరి మాట అవుతుంది.

మన మనిషే సర్పంచ్ అయ్యాక

2025 డిసెంబరులో ఎన్నికలయ్యాయి. మా ఊళ్లో సర్పంచ్ సీటు ఆడవాళ్లకు వచ్చింది. గెలిచింది మా సంఘాల్లో లీడర్‌గా పన్నెండేళ్లు పుస్తకాలు చూసిన అక్క. ఆ రోజు మా ఆనందానికి అంతు లేదు. ఇక మా కష్టాలన్నీ తీరినట్టే అనుకున్నాం.

మొదటి సమావేశంలోనే చిక్కు వచ్చింది. సర్పంచ్ కుర్చీలో అక్క భర్త కూర్చున్నాడు. అక్క పక్కన స్టూలు మీద కూర్చుంది. ఎవరూ మాట్లాడలేదు. మా కోశాధికారి నవ్వుతూనే అంది: "బావా, నువ్వు గా కుర్చీల కూసుంటే అక్క యాడ కూసోవాలె?" ఆయన కూడా నవ్వి లేచాడు. కానీ ఆ రోజు తీర్మానాలన్నీ ఆయనే చెప్పాడు.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. దేశమంతటా ఉన్నదే. భార్య పేరు మీద భర్త పెత్తనం చేయడాన్ని ఎట్లా ఆపాలో చూడమని 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక సలహా కమిటీని కూడా వేసింది. ఆ కుర్చీలో భర్త ఎందుకు కూర్చుంటాడు? అక్కకు ఎంబీ అంటే ఏంటో, డిజిటల్ సంతకం ఎట్లా పెట్టాలో, ఏ నిధి దేనికి వాడాలో ఎవరూ చెప్పలేదు. బావకు తెలుసా అంటే ఆయనకూ తెలియదు. కానీ ఆయన తెలియకపోయినా మాట్లాడగలడు. అక్క తెలిసేదాకా మాట్లాడదు. తేడా అంతే.

అందుకే అక్కను తప్పుపట్టకుండా వారానికి రెండు సాయంత్రాలు గ్రామ సంఘం ఆఫీసులో కూర్చున్నాం. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు గ్రామ సంఘం అధ్యక్షురాళ్లే అధ్యక్షులు కదా. బడి మరుగుదొడ్లు, కరెంటు పనులు చేయించినప్పుడు ఎస్టిమేట్, మెజర్‌మెంట్ బుక్, బిల్లు ఎట్లుంటాయో మాకు తెలిసింది. అది అక్కకు చెప్పాం. వీఓఏ చెల్లె ఫోన్లో ఈ-గ్రామస్వరాజ్‌లో మన ఊరి ప్రణాళిక, ఖర్చు ఎట్లా చూడాలో చూపించింది. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు సమావేశం అక్కే నడుపుతుంది. బావ బయట అరుగు మీద ఉంటాడు. అప్పుడప్పుడు కిటికీలోంచి మాట వేస్తాడు. అదీ తగ్గుతుంది.

కర్నూలు జిల్లా కాల్వ ఊరి ఫాతిమా బీ గురించి మీలో పెద్దవాళ్లు వినే ఉంటారు. సర్పంచ్‌గా ఉండి, పొదుపు సంఘాల ఆడవాళ్లతో కలిసి పనిచేసినందుకు 1998లో ఐక్యరాజ్యసమితి పేదరిక నిర్మూలన అవార్డు అందుకుంది. సంఘం వేరు, పంచాయతీ వేరు అని ఆమె అనుకోలేదు.

ఇక అన్నిటికన్నా కష్టమైన మాట చెప్పి ముగిస్తాం. మొన్న గ్రామసభలో వీధి దీపాల బిల్లు చదివారు. ఎన్ని బల్బులు కొన్నారో రాసిన లెక్కకు, స్తంభాల మీద వెలిగేవాటికి పొంతన లేదు. మునుపటి సర్పంచ్ అయితే పది మందిమి ఒక్కసారి లేచేవాళ్లం. ఈసారి ఎవరం లేవలేదు. మన అక్కే కదా, మన సంఘం మనిషే కదా, నలుగురిలో అడిగితే ఆమె చిన్నబోదా అనిపించింది. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

చివరికి అడిగింది ఎవరో తెలుసా? మోరీ నీళ్లు ఇంట్లోకి వచ్చిన ఎస్సీ వాడ ఆమె. "అక్కా, మా దిక్కు మూడు బుగ్గలు వెలుగుతలేవు. పుస్తకంల ఎన్ని రాసిన్రు?" అని అడిగింది. సర్పంచక్క ముఖం ఎర్రబడింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కార్యదర్శి చేతిలోంచి రిజిస్టర్ తీసుకొని, బిల్లు పక్కన పెట్టించి, "రేపు మీరు ముగ్గురు రాండ్రి, స్తంభం స్తంభం తిరిగి లెక్కపెడదాం. అప్పటిదాకా ఈ బిల్లు మీద నేను సంతకం పెట్ట" అంది. మరునాడు తిరిగారు. ఏడు బల్బులు తక్కువ వచ్చాయి. దుకాణం నుంచి ఆ ఏడూ తెప్పించాకే బిల్లు పాసైంది.

ఆ రాత్రి సర్పంచక్క మా దగ్గరికి వచ్చి, "నాకు కోపమొచ్చింది, నిజమే. కానీ ఆమె అడగకపోతే ఆ తప్పు నా సంతకం కింద ఉండిపోయేది" అంది. మన చిన్న సంఘంలో చెల్లె కట్టిన డబ్బు కూడా లెక్కపెట్టే తీసుకుంటాం. నమ్మకం లేక కాదు, రేపు ఆమె మీద మాట రావొద్దని. పంచాయతీలో మన మనిషిని లెక్క అడగడం కూడా అంతే.

ఇంటికి పోయాక చేయాల్సినవి

ఈ మహాసభ నుంచి ప్రతి గ్రామ సంఘం ఈ పనులు మొదలుపెట్టాలని మా మనవి.

ఈ నెల గ్రామ సంఘం సమావేశంలోనే, మీ అధ్యక్షురాలి పేరు పంచాయతీ పుస్తకంలో కో-ఆప్షన్ సభ్యురాలిగా ఉందో లేదో చూసుకోండి. పాత పేరుంటే తీర్మానం నకలు ఇచ్చి మార్పించుకోండి.

గ్రామ సంఘం నెలవారీ ఎజెండాలో "పంచాయతీలో ఏం జరిగింది" అని ఒక అంశం పెట్టుకోండి. అధ్యక్షురాలు అయిదు నిమిషాలు చెప్పాలి, మిగతావాళ్లు అడగాలి. ఆమెను ఒంటరిగా వదలొద్దు.

మీ ఊరి ఓటర్ల సంఖ్య తెలుసుకొని, కోరం ఎంతో గోడ మీద రాసుకోండి. గ్రామసభ ఎప్పుడో కార్యదర్శిని ముందే అడగండి. ఆడవాళ్ల సమస్యల కోసం ఏడాదికి రెండు సభలున్నాయని గుర్తుచేయండి. స్థాయీ సంఘాల్లో మన వాళ్లు ఎవరున్నారో పేర్లు రాయించుకోండి. పేర్లు ఉండి పని లేని సంఘాలు చాలా ఉన్నాయి.

మన సంఘాలు తయారుచేసే గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళికను గ్రామసభలో చదివించి, పంచాయతీ ప్రణాళికలో చేర్పించండి. ఫైలులో పెట్టి ఊరుకుంటే అది మన కాగితం గానే మిగులుతుంది.

తీర్మానం నకలు ఇవ్వనంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. తెల్ల కాగితం మీద రాసి ఇస్తే చాలు. రాయడం రాని అక్కలకు వీఓఏ చెల్లె రాసిపెడుతుంది.

చివరగా ఖాళీ కాగితం మీద, చదవని కాగితం మీద సంతకం వద్దు. వేలిముద్ర అసలే వద్దు. ఎవరు తెచ్చినా సరే, మన అక్కే తెచ్చినా సరే.

మా ఊళ్లో అన్నీ బాగుపడ్డాయని చెప్పడం లేదు. ఆ కార్మికురాలి రెండు నెలల జీతం ఇంకా రావాలి. దాని కోసం వచ్చే గ్రామసభలో మళ్లీ లేస్తాం. మీ ఊళ్లలో ఇట్లాంటి బాకీలు ఉంటే మీరూ లేవండి. ఏ ఊళ్లో ఏం రాయించారో వచ్చే ఏడు ఈ వేదిక మీదనే చెప్పుకుందాం.